మీ సెలవు చీటీలు

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. నటులు వేషాలకు రాకముందు ఏ ఉద్యోగాలు చేశారో చెప్పే కార్యక్రమం ఒకటి నిన్న టీవీలో వచ్చింది. మిమ్మల్ని "నటన కోసం గుమాస్తా ఉద్యోగాన్ని గడ్డిపోచలా వదిలేసిన త్యాగమూర్తి" అన్నారు. ఆ మాట ఏదో ఇంటర్వ్యూలో మీరే చెప్పారట. సీరియళ్లలో నటించింది చాలలేదా?

పింఛను వచ్చేదాకా మీరా కుర్చీని వదిలితేగా! షూటింగుకు వెళ్లిన ప్రతిసారీ సెలవు చీటీ రాసింది నేను. నేను కామెర్లని రాస్తే, మీరు వెళ్లి డాక్టరు వేషం వేసి వచ్చేవారు. ఎక్కువగా గుండెనొప్పనే రాసేదాన్ని. ఆ మాటకు ఆఫీసరు ఎదురు చెప్పేవాడు కాదు.

మన మనవడు కూడా ఆ కార్యక్రమం చూశాడు.

"నానమ్మా, తాత జాబ్ వదిలేసిండు గదా. రేపు బేగంపేట ఆఫీసుకు పోయి నేను సుత రిజైన్ చేసేస్తా. ఇంక ఆడిషన్లు షురూ."

నాకు ఒళ్లు మండింది. "మీ తాత కోసినవన్నీ కోతలురా! ఒక్క నెల జీతం పోనిచ్చిన మనిషి కాదు" అని చీటీల సంగతంతా చెప్పాను.

వాడు పడీపడీ నవ్వాడు. "అయితే రిజైన్ వద్దులే. నాకు సుత ఒకటి రాసియ్యి. గుండెనొప్పని రాయి."

నిరుడు మీకు ఆ నొప్పి నిజంగా వచ్చిన పొద్దున నేను, "ఇవాళ షూటింగ్ ఎక్కడ?" అని అడిగాను. మీరూ నవ్వారు.

వాడికి కామెర్లని రాసిచ్చాను.