ఆ మాట ఎక్కడ ఎక్కింది?

ఏవండీ,

మీరు వెళ్ళి ఏడాది దాటింది. నేను బాగానే ఉన్నాను... అని రాస్తే మీరు నమ్మరు. బతుకంతా రైల్లో టికెట్లు తనిఖీ చేసిన మనిషి కదా! "ఏటే, మనిషైనా మాటైనా ఎక్కడ ఎక్కిందో అడగాల" అనేవారు. ఇప్పుడు ఆ జబ్బు నాకు పట్టుకుంది.

రైల్లో ఉచితంగా తిరగడానికి నాకు విడో పాస్ వచ్చింది. ఇంగ్లీషు మాట కాబట్టి పెద్దగా గుచ్చుకోలేదు. మన మనవరాలు ప్రీతి ఊరుకుంటుందా? ఫోన్లో చదివి, విడో, విధవ రెండూ ఒకే పాత మాట పిల్లలని చెప్పింది. వేల ఏళ్ళ కిందట దానికి విడిపోవడం అని అర్థమట. ఇంకో విచిత్రం... మొగుణ్ణి 'ధవుడు' అనడం ఆ తర్వాతేనట, విధవలోంచి తీసి పుట్టించారట. ముందు విధవా, తర్వాత మొగుడా? నాకు అనుమానమే. ఫోను ఏదైనా చెప్తుంది.

అసలు సంగతి వేరే. మీ చెల్లెలు వరలక్ష్మి కూతురు రమ్యకి పెళ్లి. రేపే పసుపు దంచడం. పార్వతీపురం నుంచి మా అమ్మ పంపిన రోకలి గుర్తుందా? రైల్వే కాలనీలో ఏ తెలుగింట పెళ్లైనా అదే వెళ్తుంది, దాంతోపాటు నేనూ వెళ్తాను. మొదటి పోటు నాదే.

మొన్న వరలక్ష్మి లడ్డూలు తెచ్చింది. ఊరికే ఎప్పుడైనా తెచ్చిందా? నా మోకాళ్ళ మీద ఎక్కడలేని జాలి చూపించింది. ఎండలో రావద్దంది. వెళ్తూ వెళ్తూ, రోకలి మాత్రం పంపమంది.

పసుపు దంచేది మోకాళ్ళతోనా?

విధవ అన్న మాట ఆవిడ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాకు వినబడనే వినబడింది. ఆవిడ గేటు దాటాక ఏడ్చాను. రమ్య నెలల పిల్లగా ఉన్నప్పుడు నలుగు పెట్టి నీళ్ళు పోసింది ఈ చేతులే కదండీ...

ప్రీతి చెప్పిందే నిజమైతే, ఆ మాటలో ఉన్నది విడిపోవడమే. మీ నుంచి విడిపోయాను, నిజమే. అందులో అశుభం ఎక్కడుంది? దాన్ని మధ్యలో ఎవరు ఎక్కించారు?

రోకలి పంపలేదు. కడిగి తలుపు పక్కన నిలబెట్టాను. రేపు నేనే మోసుకెళ్తాను. గుమ్మంలో ఎవరైనా అడ్డుపడితే మీలాగే అడుగుతాను, ఆ అశుభం ఏ స్టేషన్లో ఎక్కిందో, టికెట్ ఏదో చూపించమని. చూపించలేకపోతే అదే దిగిపోవాలి.

నేను దిగను. మొదటి పోటు నాదే.

మీ కమల