మూడు పిడికిళ్ల ఉప్పు

అత్తమ్మా,

ఎలా ఉన్నావని రాయబోయి ఆగాను. నువ్వు వెళ్లి నాలుగు నెలలు దాటింది. మేము బాగానే ఉన్నాం... అంటే, పనులన్నీ జరుగుతున్నాయి. తెల్లవారేసరికి పాలు పిండుతున్నాం, ఖాతాల వాళ్లకు పోస్తున్నాం, పాపను బడికి పంపుతున్నాం. నల్లబర్రె మాత్రం నువ్వు పోయాక వారం రోజులు పాలు చేపలేదు. తర్వాత అది కూడా సర్దుకుంది.

నాకు ఇంతవరకూ ఏడుపు రాలేదు. ఆ రోజు వాకిట్లో అందరూ ఏడుస్తుంటే నేను టీ గ్లాసులు కడుగుతూ కూర్చున్నాను. మనసు రాయి అయిందని అనుకున్నారేమో. నిజానికి ఏమీ కాలేదు, అదే నాకు భయంగా ఉంది. బాధ ఎక్కడో ఉండి ఉంటుంది... నాకు తగలడం లేదు.

పెళ్లయిన కొత్తలో మా కాకినాడ అలవాటుతో నిన్ను "అత్తయ్యగారూ, మీరు" అనేదాన్ని. "మీరు గీరు అంటే బస్సుల పక్క సీటామె లెక్క ఉంటది. నువ్వు అను" అన్నావు. అందుకే ఇప్పుడు కూడా నువ్వు అనే రాస్తున్నాను.

మామయ్య సరిగ్గా తినడం లేదు. పోయినేడు నువ్వు పెట్టిన మామిడికాయ తొక్కు ఉన్నన్నాళ్లూ రెండు పూటలా కాస్తయినా తిన్నాడు. జాడీ అడుగు కనిపించినప్పటి నుంచి మజ్జిగ అన్నం నాలుగు ముద్దలు తిని లేచిపోతున్నాడు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది. ఆయన కూడా మెల్లగా నీ దారి పడుతున్నాడేమో అనిపించింది.

అందుకని తొక్కు పెడదామనుకున్నాను. ఏడాది తిరక్కుండా పెట్టొద్దని చుట్టాల్లో ఒకరన్నారు. మామయ్య చొక్కా చూశాక ఆ మాట పక్కన పెట్టాను.

బేగంబజార్‌కు వెళ్లాను. దొడ్డు ఉప్పు, కారం, నూనె ఎప్పుడూ మనం తీసుకునే దుకాణంలోనే తీసుకున్నాను. సేఠ్ నా వెనక్కి చూసి అమ్మ రాలేదా అని అడిగాడు. రాలేదు అన్నాను. అబద్ధం కాదు కదా... నీకు వేసినట్టే కొసరు మెంతులు వేసి ఇచ్చాడు.

ఇన్నేళ్లూ కాయలు కడిగింది నేను, ముక్కలు తుడిచింది నేను, వెల్లుల్లి ఒలిచింది నేను. ఉప్పు మాత్రం ఒక్కసారి కూడా ముట్టనివ్వలేదు నువ్వు. "ఉప్పు ఒక్క చెయ్యే ఎయ్యాలె. రెండు చేతులు పడితే తొక్కు ఎవరి మాట ఇనాలె?" అనేదానివి. ఆస్పత్రి మంచం మీద నేను అడిగితే చెప్పావు. "సత్తు గిన్నె నిండ ముక్కలకు మూడు పిడికిళ్లు. గంతే. మా అత్త రెండే అంటుండె, నాకు మూడు పడతయ్. నువ్వు ఫికర్ చెయ్యకు."

మూడు పిడికిళ్లే వేశాను.

మూడో రోజు కలిపి నోట్లో పెట్టుకుంటే ఉప్పు కషాయం. మామయ్య ఒక ముద్ద కలిపి, గ్లాసెడు నీళ్లు తాగి, కంచం పక్కకు జరిపాడు. నీ కొడుకు మాత్రం మస్తుగుందని చెప్పి మళ్లీ వేసుకోలేదు.

మళ్లీ కాయలు తెచ్చాను. అదే గిన్నె, అదే ఉప్పు, మూడు పిడికిళ్లు. మళ్లీ అంతే.

కాస్త తగ్గిస్తే పోయేదిగా అని ఎవరైనా అంటారు. ఎంత తగ్గించాలి? తక్కువైతే బూజు పడుతుంది. అయినా నువ్వు చెప్పిన లెక్క నేను మారిస్తే, అది నా తొక్కు అవుతుంది గానీ నీది ఎలా అవుతుంది? మామయ్యకు కావలసింది నాది కాదు... మృగశిర కార్తె దగ్గర పడుతోంది. నాలుగు చినుకులు పడితే ఇక కాయ పనికిరాదు.

నీ ఫోటో సంగతి చెప్పలేదు కదా. చుట్టాల పెళ్లిలో నువ్వు దండం పెడుతున్న ఫోటో ఒకటి నీ కొడుకు ఫోన్‌లో ఉంటే, పాతబస్తీలో ఒక స్టూడియోకు ఇచ్చి పెద్దది చేయించాం. వెనక నీలం రంగు వేశాడు. బొట్టు పెద్దది చేశాడు. నీ కొడుకూ నేనూ పాపా ముగ్గురం చూసి బాగుందన్నాం. మామయ్య ఒక్కసారి చూసి, ఆ రోజు నుంచి కుర్చీ గోడకేసి కాకుండా వాకిలికేసి తిప్పుకున్నాడు. చూసి తట్టుకోలేకపోతున్నాడని అనుకున్నాం.

రెండో తొక్కు కూడా పాడైన మర్నాడు ఫోటోకు పూలు పెడుతున్నాను. చేయి నీ చేతుల దగ్గర ఆగిపోయింది.

నీ కుడిచేతికి అయిదు వేళ్లున్నాయి.

ఎవరి చెయ్యి ఇది అత్తమ్మా?

పాపం ఆ స్టూడియో అతను మంచే అనుకుని ఉంటాడు. ఎడమచేతి వేళ్లు తెచ్చి అతికించాడు. ఉంగరపు వేలూ చిటికెన వేలూ నీకు ఎప్పుడో పోయాయని అతనికేం తెలుసు? కానీ మాకు తెలుసు కదా. ముగ్గురిలో ఒక్కరికీ కనిపించలేదు. నేను ఇంటికి రాకముందే గడ్డి కోసే మిషన్‌లో పోయాయి. పాప అడిగితే "మిషన్‌కు ఆకలైంది బిడ్డా, రెండు వేళ్లు పెట్టిన" అని నవ్వేదానివి. ఆ మూడు వేళ్లతో పాలు పిండావు, పిడకలు కొట్టావు, నాకు జడ వేశావు. చూసి చూసి నాకు అది నిండు చెయ్యే అయిపోయింది.

మామయ్యకు కాలేదు. ఆ రోజు మిషన్ చక్రం తిప్పింది ఆయనే కదా...

లోపలికి వెళ్లి ఉప్పు డబ్బా ముందు కూర్చున్నాను. మీ అత్తకు రెండు, నీకు మూడు. అడగాల్సినప్పుడు అడగలేదు నేను. నువ్వు చెప్పావు, నేను రాసుకున్నట్టు తలూపాను. నీకు కూడా నీ చెయ్యి గుర్తు లేదేమో. లేక ఆ మంచం మీద గుర్తు చేసుకోవడం ఇష్టం లేదా?

నా చేతితో రెండు చాలు. ఆ లెక్క అర్థమైంది. అయినా ఉంగరపు వేలూ చిటికెన వేలూ మడిచి, మిగిలిన వాటితోనే ఉప్పు తీశాను. కొంత పక్క నుంచి జారిపోయింది. మిగిలింది వేశాను. అలా మూడుసార్లు. పాప పక్కనే కూర్చుని చూస్తోంది. రేపు తనకు ఏమని చెప్పాలి... రెండనా, మూడనా?

ఉప్పు కలిపాక కూడా వేళ్లు చాలాసేపు అలాగే మడిచి ఉంచుకున్నాను. ఏడుపు అప్పుడు కూడా రాలేదు. చెయ్యి మాత్రం నొప్పి పుట్టింది. ఈ నాలుగు నెలల్లో నాకు తెలిసిన నొప్పి అదొక్కటే, దాన్ని వదలబుద్ధి కాలేదు.

మూడో రోజు మామయ్యకు వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. నాకేసి కాదు, నా కుడిచేతికేసి చూశాడు. తర్వాత తల వంచుకుని తిన్నాడు. మళ్లీ అన్నం పెట్టమని కంచం ముందుకు జరిపాడు. కళ్లు తుడుచుకుని కారం ఎక్కువైందన్నాడు. కారం ఎప్పటంతే వేశాను అత్తమ్మా.

పాడైన రెండు జాడీల్లో కొత్త ముక్కలు కలిపి సరిచేస్తాను. పారబోయను, నువ్వు తిడతావు.

రేపు పాలు పోసి వచ్చాక ఆ ఫోటో దింపి స్టూడియోకు తీసుకెళ్తాను. మామయ్య కూడా వస్తానన్నాడు. ఆ రెండు వేళ్లు తీసేయమని చెప్తాం.

నీ కోడలు