గడప దాకా చీపురుపొద

వదినా,

అత్తయ్యని మీ ఇంటికి పంపలేదని అందరి దగ్గరా నన్ను ఆడిపోసుకుంటున్నావట. మీ అమ్మని నేను కట్టిపడేయలేదు. నువ్వు నేర్పిన చీపురు కట్టిపడేసింది.

మన సున్నపురాయి గుట్ట మీద మోకాలెత్తు కూడా లేని ఎండుపొద ఉండేది కదా, మనం చీపుళ్లు కట్టేది, అదే. "కాయలు దులపకుండా కట్టు, ఒత్తుగా ఉంటుంది" అన్నావు. అలాగే కట్టాను. ఊడ్చిన చోటల్లా గింజలు రాలి గడప దాకా మొలిచాయి.

మొన్న అటవీశాఖ ఆఫీసరు వచ్చాడు. గుట్టంతా క్వారీవాళ్లు తవ్వేశాక, ఈ జాతి మా వాకిట్లోనే మిగిలిందట. "ఎవరమ్మా ఇంత శ్రద్ధగా పెంచింది?" అన్నాడు. నోరు మూసుకోకుండా "నేనేనండీ" అన్నాను. మర్నాడే కంచె వేసేశారు. మనిషి పక్కకి తిరిగితే పట్టేంత దారి వదిలారు. అత్తయ్య చక్రాల కుర్చీ అందులో పట్టదు. ఒక్క మొక్క పీకినా కేసు పెడతారట.

మీ తమ్ముడు ఎత్తుకుని తీసుకెళ్తానంటే, "బతికుండగానే మోస్తావురా?" అని కసిరింది. ఇప్పుడు రోజంతా కిటికీ దగ్గర కూర్చుని, నేను కనిపించినప్పుడల్లా "బాగా ఊడ్చావే తల్లీ" అంటోంది.

నువ్వే ఒకసారి వచ్చి ఆవిడకి నచ్చజెప్పు. వస్తూ వస్తూ బజార్లో ఒక చీపురు కొనుక్కురా. ఇంటి చుట్టూ చీపుళ్లే, ఇల్లు ఊడ్చుకోవడానికి ఒక్క పుల్ల తుంచే వీల్లేదు.

నీ మరదలు