ఒంటికాలి మీద పది లెక్క

సాల్ట్‌పాండ్, శనివారం.

నా తల్లి కుకువాకు అమ్మ ముద్దులు, దీవెనలు. నేను కులాసా. టమలేలో మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. చిన్నదాని దగ్గు తగ్గిందా?

మంగళ, శుక్రవారాల్లో ఫోనెందుకు ఎత్తవని రాశావు. ఆ రెండు రోజులూ చర్చి హాలుకు వెళ్తున్నాను. నర్సు మాన్సా మా ముసలివాళ్లకు పడకుండా నిలబడడం నేర్పుతోంది. నవ్వకు! చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవాలి. సుద్దగీత మీద ఒక కాలి మడమకు రెండో కాలి వేళ్లు ఆనిస్తూ నడవాలి. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టాలి. మొదటిరోజు నాకు మూడు దాటలేదు.

మీ పాత హెడ్‌మాస్టరు ఎబో గారూ వస్తారు. "ఏం ఆరాబమ్మా, కొంగలా నిలబడ్డావు, చేపలేమన్నా పడ్డాయా?" అన్నారు.

"ముందు మీ కాలు నేల వదలనివ్వండి మాస్టారూ, తర్వాత వేళాకోళం!" అన్నాను. హాలంతా నవ్వింది.

ఇప్పుడు కుర్చీ ముట్టకుండానే పది లెక్కపెడతాను. పోయిన వారం చేపల రేవులో తడికి కాలు జారింది. రెండో కాలు దానంతటదే ముందుకు దూకి నన్ను ఆపింది. నా చేతిలోని గిన్నెడు చేపలూ నేలపాలయ్యాయి.

"అయ్యో అత్తా, చేపలన్నీ పోయాయే!" అంది చేపలమ్మే పిల్ల.

"పోతే పోనీ, నేను పడలేదుగా!" అన్నాను.

ఇల్లు వదిలి నీ దగ్గరే ఉండిపొమ్మన్నావు. ఈస్టర్‌కు వస్తాను, రెండు వారాలుంటాను, తిరిగొస్తాను.

ఇక అసలు సంగతి. ఫోన్లో నీ గొంతు వింటే మళ్లీ అబద్ధమాడతానని రాస్తున్నాను. నవంబరులో నాకొచ్చింది మలేరియా కాదు. స్నానాలగదిలో పడ్డాను. పక్కింటావిడ వచ్చేదాకా తడినేల మీదే ఉన్నాను. ఎముక విరగలేదు, నడుం వాపూ తగ్గింది. కానీ మళ్లీ పడతానేమోనన్న భయం నన్ను మంచాన పడేసింది. నెలన్నర గడప దాటలేదు. నీకు తెలిస్తే ఆ రోజే వచ్చి తీసుకుపోతావని దాచాను. మాన్సా ఇంటికొచ్చి చెయ్యి పట్టి లేపకపోతే ఇంకా అక్కడే ఉండేదాన్ని.

నిన్న హాలుకు కొత్తావిడ ఒకామె వచ్చింది. నర్సు ఆమె పక్కన నన్ను నిలబెట్టింది. ఆ కొత్తావిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, "పడితేనో, అక్కా?" అంది.

"నేను పడ్డానమ్మా. పడి, లేచి, ఇదిగో నీ పక్కన నిలబడ్డాను," అన్నాను.

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పినదాన్ని, కన్నకూతురికి చెప్పలేనా అనిపించింది.

తిట్టాలనుంటే తిట్టు. నిలబడే వింటాను.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
ఆరాబా.