కుడివైపు నాలుగంగుళాలు

2 జూన్, సోమవారం

పొద్దున టేబుల్ మీద, నాతో పాటు ఈ ఇంట్లో అద్దెకుండే చైత్ర కాఫీ కప్పు వదిలిన గుండ్రటి మరక కనిపించింది. సగం ఆమె వైపు, సగం నా వైపు. తుడవలేదు.

లాప్‌టాప్‌లో 5 పాడైంది. ఒకసారి నొక్కితే అసలు పడదు, ఇంకోసారి రెండు పడతాయి. ఒక లారీల కంపెనీ ఇన్వాయిస్‌లు ఇంట్లో కూర్చుని సిస్టమ్‌లోకి ఎక్కించడం నా పని. రోజంతా అంకెలే. 5 లేకుండా ఎంతసేపు నెట్టుకొస్తాను? ఉమాకు ఫోన్ చేశాను. ఆమె మా టీమ్ లీడర్. ఫిజీలో పుట్టిన తెలుగు మనిషి. ఆమెకు వచ్చిన తెలుగు కొన్ని కూరల పేర్లు, రెండు తిట్లు. ఉమా అని పిలవమంటుంది. వయసులో అంత పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి, కాన్వెంట్‌లో చదివినదాన్ని, నాకు నోరు రాదు. అందుకని ఏమీ పిలవకుండానే మాట్లాడతాను. ఇక్కడ రాయడానికి మాత్రం ఉమా.

వైర్‌లెస్ కీబోర్డు కొనుక్కో డార్ల్, బిల్లు పంపించు, పక్కన అంకెలకు విడిగా నంబర్ ప్యాడ్ ఉన్నదే తీసుకో అంది. డార్ల్ అంటే డార్లింగ్, ఇక్కడ అందరినీ అలాగే అంటారు.

3 జూన్

షాపుకు కొలత టేపు తీసుకుని వెళ్లాను. ఎవరూ చూడకుండా కొలిచాను. నంబర్ ప్యాడ్ ఉన్నది పదిహేడు అంగుళాలు. లేనిది పదమూడు. తేడా నాలుగు. ఆ నాలుగూ కుడివైపే.

కుడివైపు చైత్ర కూర్చుంటుంది.

ఆస్ట్రేలియాలో జూన్ అంటే చలికాలం. ఈ టూవూంబా ఊళ్లో చలి బయటకన్నా ఇళ్లలోనే ఎక్కువ. మా చిన్న అద్దె యూనిట్‌లో హీటర్ ఒక్కటే, ఆ టేబుల్ దగ్గర గోడకు. అందుకని ఇద్దరం ఒకే వైపు, స్కూలు బెంచీ మీదలాగా కూర్చుంటాం. నేను ఇన్వాయిస్‌లు, ఆమె థీసిస్. పత్తి పండే నేలల గురించి రాస్తోంది. కుర్చీలో కాళ్లు ముడుచుకుని, రాసిన వాక్యాన్ని పైకి చదువుకుంటుంది. బాగాలేకపోతే తనను తానే వరంగల్ భాషలో తిట్టుకుంటుంది. నేను టైప్ చేస్తుంటే రేకుల మీద వాన పడ్డట్టుంటదట. నా దుప్పటి మడతలు చూసినప్పటి నుంచి నన్ను మదర్ సుపీరియర్ అంటుంది.

రోజు మొత్తంలో నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. ఉమా ఫోన్‌లో మాట్లాడుతుంది, అది వేరు.

పెద్ద కీబోర్డు పెడితే నా మౌస్ ఆమె కాగితాల మీదికి పోతుంది. ఆమె ఏమీ అనదు. లేచి తన గదిలోకి వెళ్లి రాసుకుంటుంది. అలా ఒకసారి వెళ్తే ఇక అదే అలవాటవుతుంది.

4 జూన్

చిన్నది కొన్నాను.

9 జూన్

పై వరుసలో అంకెలు కొట్టడం వేరే విద్య. నంబర్ ప్యాడ్ మీద అయితే చూడక్కర్లేదు, 5 మీద చిన్న గీత వేలికి తగిలితే చాలు, మిగతావి వాటంతట అవే దొరుకుతాయి. ఇక్కడ ప్రతి అంకెకూ తల దించాలి. మెడ నొప్పి.

కానీ కూర్చోవడం తెలుసు. మా క్లాసులో బెంచీకి ముగ్గురం. మోచేతులు పక్కటెముకలకు ఆనించి రాయాలి. చెయ్యి పక్కమ్మాయి వైపు జరిగితే సిస్టర్ ఫిలోమినా స్కేలుతో మెల్లగా వెనక్కి నెట్టేది, కొట్టేది కాదు. పక్కవాళ్లకు చోటివ్వడమే మర్యాద అనేది. అలా పదేళ్లు. ఇప్పటికీ బస్సులో అలాగే కూర్చుంటాను.

కీబోర్డు, మౌస్, చేతులు అన్నీ నా సగంలోనే సర్దుకున్నాను. చైత్రకు ఇంకో పుస్తకం పట్టేంత చోటు మిగిలింది. ఆమె ఒకసారి కీబోర్డు కేసి, ఒకసారి నాకేసి చూసింది. ముద్దుగుంది అంది. మిగిలిన చోటులో ఏమీ పెట్టలేదు.

12 జూన్

చైత్ర ఈరోజు యూనివర్సిటీ లైబ్రరీలో రాసుకుంటానంది.

13 జూన్

ఈరోజు కూడా.

17 జూన్

ఉమా ఫోన్ చేసింది. సరుకు నంబర్లలో అంకెలు తారుమారవుతున్నాయట, డాల్బీ ఊరి డ్రైవర్ బిల్లు రోమా ఊరి డ్రైవర్ పేరు మీద పడిందట. నీ చేతికేమైంది డార్ల్, నీ పని మళ్లీ చూడక్కర్లేదని అందరికీ చెప్పుకున్నాను కదా అంది. నంబర్ ప్యాడ్ లేనిది కొన్నానని చెప్పాను. తనకు వచ్చిన రెండు తిట్లలో ఒకటి వాడింది. దున్నపోతా అని. వాళ్ల అమ్మమ్మ తాతయ్యను అనేదట. ఎందుకలా కొన్నావంది. టేబుల్ చిన్నదన్నాను. విడిగా ప్యాడ్ ఒక్కటే దొరుకుతుంది, ఎడమవైపు పెట్టుకో అంది. నా ఎడమచేతికి అంకెలు రావు. అదీ చెప్పాను. జూలై ఆఖరుకు ప్రొబేషన్ అయిపోతుంది, ఆలోపు సరిచేసుకో, నీకు నేనున్నాను గానీ పైవాళ్లకు లెక్కే ముఖ్యం అంది.

ఆమెది మంచి మనసు. ఫోన్ పెట్టేశాక కూడా ఆమెను ఏమని పిలవాలో తోచలేదు.

22 జూన్

పది రోజులుగా కుడివైపు కుర్చీ ఖాళీ. అయినా మోచేతులు దగ్గరగానే ఉన్నాయి.

28 జూన్, శనివారం

గిన్నెలు తోముతూ చెప్పింది. మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీలో ఒక ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందట. ఉండేది పాయింట్ కుక్‌లో. థీసిస్‌లో మిగిలింది అక్కడి నుంచే రాస్తుందట. జూలై మధ్యలో వెళ్లాలి. ఇంకా చాలా చెప్పింది. నేను తుడుస్తున్న ప్లేటునే మళ్లీ తుడిచాను.

కంగ్రాచులేషన్స్ అన్నాను. నిజంగా అదే అన్నాను.

12 జూలై

చైత్ర పుస్తకాలు పెట్టెల్లో సర్దుతోంది. నేను టేప్ కత్తిరించి ఇస్తున్నాను. ఉన్నట్టుండి, ఒకటి అడుగుతా, ఫీల్ గాకు అంది. నేను పక్కన కూసుంటే నీకు తిప్పలయ్యేదా అంది.

నాకు అర్థం కాలేదు.

గట్లెందుకు చూస్తవ్, నేను కూసుంటే చాలు, ముట్టుకుంటే మాసిపోతనన్నట్టు చేతులు దగ్గరికి గుంజుకుంటవ్ అంది. మల్ల గా చిన్న కీబోర్డు తెచ్చినవ్. రోజంతా నంబర్లు కొట్టేటిదానివి, నంబర్లే లేనిది ఎందుకు కొంటవ్? ఈ పిల్లకు నాకు దూరంగ జరగాలనుంది, నోరు తెరిచి చెప్పలేక జరుగుతుంది, మనమే లేచి పోదాం అనుకున్నా. అందుకే లైబ్రరీ. ఆడ చలికి ముక్కు గడ్డకట్టింది తల్లీ, తెలుసా అంది.

నవ్వుతూనే అంది. కళ్లు మాత్రం నవ్వలేదు.

లేదు అన్నాను. అలా కాదు అన్నాను. నీకు చోటు కోసమే కొన్నాను అనాలి. ఆ వాక్యం మొత్తం నోట్లో తయారుగా ఉంది. స్కూల్లో వక్తృత్వపు పోటీలప్పుడు కూడా ఇంతే, రాసుకున్నదంతా గుర్తుండేది, స్టేజీ మీద గొంతు వచ్చేది కాదు. ఆమె పెట్టె మూత వేసింది. తర్వాత, ఏం మనిషివే మదర్ సుపీరియర్, టేప్ ఇటియ్యి అంది.

ఇచ్చాను.

16 జూలై

బ్రిస్బేన్ ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కించి వచ్చాను. గట్టిగా కావలించుకుంది. అప్పుడు కూడా నా మోచేతులు పక్కటెముకలకే ఉన్నాయి.

19 జూలై

పెద్ద కీబోర్డు కొన్నాను. సొంత డబ్బులతో. ఉమాను రెండో బిల్లు అడగలేను.

21 జూలై

మధ్యాహ్నం వరకూ ఒక్కసారి కూడా తల దించలేదు. వేలికి 5 మీది గీత తగులుతోంది. మౌస్ చైత్ర వైపుకు చాలా దూరం వెళ్లి వస్తోంది.

రేకుల మీద వాన అంటే ఇదేనేమో. ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు.

31 జూలై

ప్రొబేషన్ పూర్తయింది. ఈ పది రోజుల్లో ఒక్క తప్పూ లేదని ఉమా మెచ్చుకుంది. థాంక్యూ ఉమా అన్నాను. అనేశాక చాలాసేపు ముఖం వేడిగా ఉంది. నంబర్ ప్యాడ్ ఉంటే ఎంత తేడానో చూశావా అంది. చూశానన్నాను.

3 ఆగస్టు, ఆదివారం

హీటర్ వేసుకుని కూర్చున్నాను. పని లేదు.

గిన్నెలు తోమిన రోజు చైత్ర, పాయింట్ కుక్ ఇంట్లో ఇంకో గది ఖాళీగా ఉంది, నీ పని ఏడికెల్లైనా చేసుకోవచ్చు గదా, నువ్వు గూడ రా అంది. నేను కంగ్రాచులేషన్స్ అన్నది ఆ మాటకే.