గోటి మీద పదును

నాయనా, సలాం. సెలవుకు వస్తున్న జానీ చేత ఈ కార్డు పంపుతున్నాను. ఇక్కడ సౌదీలో, ఖోబర్‌లో నేను క్షేమం.

నేను స్కేట్లకు సాన పట్టే ఐస్ రింకులో హాకీ కోచ్ రష్యావాడు. ఇరవై ఏళ్లు ఏడు టీములకు ఆడి, మోకాలు దెబ్బతిన్నాక ఇక్కడ పిల్లలకు నేర్పుతున్నాడు. ఇన్నేళ్లలో తన స్కేట్లకు ఇంకొకరిని సాన పట్టనివ్వలేదట. నిన్న నేను స్కేటు బూటు కింది బ్లేడును, జేజినాయన కత్తులకు చేసినట్లు గోటి మీద ఆనించి పదును చూస్తుంటే వచ్చి నిలబడ్డాడు. "నేనూ ఇట్లే చూస్తా" అని తన జత విప్పి నా చేతికిచ్చాడు.

జానీ తిరిగొచ్చేటప్పుడు జేజినాయన చిన్న సానరాయి పంపు. అమ్మ కంటి కట్టు విప్పారా? పెళ్లిచూపుల వాళ్లకు నేను ఆఫీసులో సూపర్‌వైజర్‌నని చెప్పావట. మళ్లీ పోయి, మావాడు సాన పడతాడని చెప్పు. చెప్పడానికి సిగ్గయితే ఆ సంబంధం వద్దు. అమ్మకు సలాం.

ఇట్లు,
సాన దస్తగిరి