నెలవారీ మొత్తాలు

ప్రియమైన మరిదికి,

ఎలా ఉన్నావు? మీ అన్నయ్యకి దగ్గు తగ్గింది, నస మాత్రం తగ్గలేదు. టీ చల్లారిందని పొద్దున్నే రాగం తీశారు.

నాకో కంగారు పట్టుకుంది. మా ఆసుపత్రి వెబ్‌సైట్ చూసుకునేది నువ్వే కదా, అందుకే నిన్నే అడుగుతున్నా. పేజీలకి ఎంతమంది వస్తున్నారో లెక్కగట్టే సర్వీసును మూసేస్తున్నారట, పాత లెక్కలన్నీ తుడిచిపెట్టేస్తారట. దాచావా లేదా? ఇక్కడ చోటు చాలడం లేదు. పక్షవాతం వచ్చినవాళ్లతో వ్యాయామాలు చేయించే నా గది, మాట పడిపోయినవాళ్లకి మళ్లీ మాటలు నేర్పే టీచరమ్మ గది, రెండింట్లో ఒకటే ఉంచుతారట. గదుల్లోకి వచ్చేవాళ్లు ఇద్దరికీ ఇంచుమించు సమానమే. అందుకని ఇన్నేళ్లలో ఎవరి పేజీ ఎక్కువమంది చూశారో చూసి తేలుస్తామన్నారు సూపరింటెండెంట్ గారు. వెంటనే రాయి.

నీ వదిన

*

ప్రియమైన వదినకి,

కంగారు పడకు. ఇద్దరి పేజీలవీ నెలవారీ మొత్తాలు దించి దాచాను, ఇదిగో పంపిస్తున్నా. గ్రాఫులో నీ గీత ఏటికేడూ పైకే పోయింది.

కానీ ఎక్కడి నుంచి చూశారు, ఎంతసేపు చూశారు అన్న వివరాలు మాత్రం పోయాయి. మూసేస్తున్నామని వాళ్లు చెబుతూనే ఉన్నారు, నేనే రేపు చూద్దాం, మాపు చూద్దాం అనుకుంటూ కూర్చున్నా. గడువు దాటిపోయింది. ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

అన్నయ్యకి కాస్త వేడి టీ ఇవ్వు, పాపం.

నీ మరిది

*

ప్రియమైన మరిదికి,

నీ బద్ధకం నాకు కొత్తా? మీ ఇంట్లో అందరిదీ అదే బాపతు. పోనీలే, మొత్తాలే చాలాయి. సమావేశంలో నా గీత చూసి అందరూ నోళ్లు వెళ్లబెట్టారు, చప్పట్లు కూడా కొట్టారు. గది నాకే ఉంచారు!

టీచరమ్మ నెలాఖరుకి ఖాళీ చేయాలి. నిన్న ఆవిడ బొమ్మల కార్డులు అట్టపెట్టెలో సర్దుకుంటుంటే సాయం చేద్దామని వెళ్లాను. "నీ పేజీకి అంతమంది వస్తున్నారంటే గది నీకే ఉండాలి. నన్నడిగినా అదే చెబుతాను" అంది. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. "గెలిచినదానివి ఏడుస్తావేంటి?" అంటారు మీ అన్నయ్య. ఆవిడ దగ్గరికొచ్చే లారీ డ్రైవరు ఇప్పుడిప్పుడే కూతుర్ని పేరు పెట్టి పిలవగలుగుతున్నాడు. ఇక అతనెక్కడికి పోతాడు?

నీ వదిన

*

ప్రియమైన వదినకి,

నేను బద్ధకించలేదు. నీకు అబద్ధం రాశాను.

గడువుకి ముందే వివరాలన్నీ తెరిచి చూశాను. నీ లెక్కలో ముప్పాతిక వంతు అసలు మనుషులే కారు. మీ వెయిటింగ్ హాల్లో గోడకి స్క్రీన్ ఉంది చూడు, అందులో వ్యాయామాల వీడియోతో నీ పేజీయే రోజంతా నడుస్తుంది. వీడియో మధ్యలో బిగుసుకుపోతోందని నువ్వంటే, పేజీ దానంతటదే మళ్లీ మళ్లీ తెరుచుకునేలా పెట్టింది నేనే. తెరుచుకున్న ప్రతిసారీ ఎవరో వచ్చినట్టు లెక్క పడింది. ఆ స్క్రీన్‌ని లెక్కలోంచి తప్పించాలని నాకు తట్టనే లేదు. అది తీసేస్తే టీచరమ్మ పేజీకే ఎక్కువమంది.

ఆ అంకెలు చూసుకుని నువ్వెంత మురిసిపోయేదానివో నాకు తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. మొత్తాలు దాచి, వివరాలు పోతే పోనీ అని వదిలేశాను. నీ పేజీకి నిజంగా వచ్చినవాళ్లూ ఉన్నారు వదినా. కొద్దిమందే, కానీ చివరిదాకా చూసేవాళ్లు, మర్నాడు మళ్లీ వచ్చేవాళ్లు. వాళ్ల ఆనవాలు కూడా లేకుండా చేశాను. లారీ డ్రైవరు సంగతి చదివినప్పటి నుంచీ నిద్ర పట్టడం లేదు. క్షమించమని అడిగే మొహం కూడా లేదు.

నీ మరిది

*

ప్రియమైన అని రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. సరే, ప్రియమైన మరిదికే,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లాను. "రుజువేదమ్మా? గది వచ్చింది కదా, ఊరుకోరాదూ" అన్నారు. రుజువు నువ్వు ఉంచితేగా! సాయంత్రం అందరూ వెళ్లిపోయాక ఆయన్ని హాల్లో కూర్చోబెట్టి, మూసేసినదాని బదులు నువ్వు కొత్తగా పెట్టిన లెక్కల సర్వీసు ఫోనులో తెరిచి చేతికిచ్చాను. మేమిద్దరం తప్ప పురుగు లేదు. నా పేజీ లెక్క మాత్రం పెరుగుతూనే ఉంది.

గది టీచరమ్మకే ఇచ్చారు. నన్ను వరండా చివరికి మార్చారు, మనిషిని నాలుగడుగులు నడిపించే చోటు కూడా లేదు. ఆవిడకి జరిగిందంతా చెబితే తిడుతుందనుకున్నా. సర్దిన పెట్టె విప్పుతూ "నువ్వెక్కడికెళ్తావే?" అని ఏడ్చింది. ఆ చప్పట్లు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. రోజూ ఆ హాల్లోంచే నడిచేదాన్ని, ఆ స్క్రీన్ వంక ఎవరూ తలెత్తి చూడరని నాకు తెలుసు. అంకెలు బావున్నాయి కదా అని ఏనాడూ నిన్నడగలేదు.

నాకు కోపం లెక్క తప్పినందుకు కాదు. నిజం తెలిస్తే వదిన తట్టుకోలేదు అనుకున్నావు చూడు, అందుకు. నామీద నువ్వు పడ్డ జాలికి ఇంకొకరి గది పోబోయింది.

అయినా ఆదివారం రా. చివరిదాకా చూసేవాళ్లన్నావే, వాళ్ల గురించి గుర్తున్నంత చెప్పు. ఏ వేళకొచ్చేవాళ్లు, ఏ వ్యాయామం దగ్గర ఆగేవాళ్లు, అన్నీ. కాగితాలేమీ తేనక్కర్లేదు. ఈసారి నువ్వేం చెబితే అది నమ్మడం తప్ప నాకింకో దారి లేదు, అందుకని ఒక్కర్ని కూడా ఎక్కువ చేసి చెప్పకు.

నీ వదిన